బండికి ఒంట్లో బాగోలేనప్పుడు

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న కమిటీ పెద్దలకు, ఈరోజు మా గ్రంథాలయం నుంచి పదవీ విరమణ చేస్తున్న మా పెద్దమేడం గారికి, ముందు వరుసల్లో కూర్చున్న నిత్య పాఠకులకు, ఫ్యాను గాలి కోసం లోపలికొచ్చి క్రమంగా పాఠకులైపోయిన వెనక వరుస మిత్రులకు నమస్కారం.

నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నిజానికి మాట్లాడవలసింది మా గుమాస్తాగారు. ఆయనకు పొద్దున్నే గొంతు పట్టేసింది. గొంతనేది ఉన్నవాళ్ళకే పట్టేస్తుంది కనుక, ఆ ప్రమాదం లేనిదాన్ని చూసి నన్ను నిలబెట్టారు. (నవ్వులు)

కాన్వెంటులో చదువుకునేటప్పుడు ఒకసారి సిస్టరుగారు వక్తృత్వ పోటీకి నా పేరు ఇచ్చేశారు. వేదిక ఎక్కాను, "గౌరవనీయులైన" అన్నాను, ఎవరు గౌరవనీయులో గుర్తు రాలేదు, దిగి వచ్చేశాను. సిస్టరుగారిది జాలి గుండె. "క్లుప్తంగా చెప్పావమ్మా" అన్నారు. తరవాత ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో, నిశ్శబ్దం పాటించవలెను అని గోడ మీద రాసిపెట్టిన చోటు ఊరంతటికీ ఇదొక్కటే కనిపించింది. నాకున్న ఏకైక అర్హత అదే కదా అని దరఖాస్తు పెట్టుకున్నాను.

అధ్యక్షులవారు ఇందాక చాలా బాగా మాట్లాడారు. మేడం సేవలను పొగిడారు. కమిటీ తరఫున ఇచ్చిన పడక కుర్చీని చూపించి, ఇక హాయిగా వెనక్కి వాలి చదువుకోండి అన్నారు. ఆ కుర్చీ రిబ్బను కట్టుకుని అదిగో అక్కడే ఉంది. మేడం మాత్రం దాని పక్కనున్న మామూలు కుర్చీలో, ఎప్పటిలాగే, వీపు ఆనించకుండా కూర్చున్నారు. (నవ్వులు) చివర్లో అధ్యక్షులవారు ఇంకో మాట అన్నారు. మేడంతోపాటు గ్రంథాలయం స్కూటరుకు కూడా నేటితో విశ్రాంతి అనీ, ఇళ్ళకు పుస్తకాలు పట్టుకెళ్ళి ఇచ్చే పని ఇక ఆగిపోతుందనీ, ఆ గేర్ల బండితో కుస్తీ పట్టే ఓపిక ఈ కాలం పిల్లల్లో ఎవరికి ఉందనీ, పాత ఇనుము కొనే అతను సోమవారం వచ్చి తోలుకుపోతాడనీ. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పక్కవాళ్ళు కొడితే కొట్టే అలవాటు కొద్దీ. కానీ ఆ మాట గురించే నాకొక మనవి ఉంది. సూటిగా అడిగే ధైర్యం లేదు. చుట్టు తిరిగి వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

మేడం గురించి మీకు తెలియనిది నేను చెప్పబోవటం సాహసమే. ఇక్కడ పెరిగిన పిల్లలందరికీ ఆవిడ ఉష్ మేడం. చూపుడు వేలు పెదాల మీద పెట్టి ఆవిడ ఒక్కసారి 'ఉష్' అంటే గోడగడియారం కూడా టిక్కుమనాలా వద్దా అని ఆలోచనలో పడుతుంది. పొద్దుటిపూట అలా అందరి నోళ్ళూ మూయించి, మధ్యాహ్నం కాగానే స్కూటరు వెనక పెట్టె బిగించుకుని, గుమ్మం దాటలేని పాఠకుల ఇళ్ళకు బయలుదేరేవారు. మోకాళ్ళు లేవనివాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు, చంటిబిడ్డను వదిలి కదలలేని తల్లులు. ఆ గుమ్మాల దగ్గర ఆవిడ గలగలా మాట్లాడతారన్న సంగతి నాకు చాలాకాలం తెలియదు. తెలిసినప్పుడు, మా హెడ్‌మిస్ట్రెస్ ఈల వేయటం విన్నంత ఆశ్చర్యపోయాను.

ఇక ఆ స్కూటరు. అది నాకన్నా పెద్దది, వయసులోనూ, గొంతులోనూ. గేరులేని బళ్ళు నడిపే మిత్రుల కోసం కొంచెం వివరిస్తాను. దాని ఎడమ పిడి ముందు ఒక లీవరు ఉంటుంది, దాన్ని క్లచ్ అంటారు. ఆ లీవరును నాలుగు వేళ్ళతో దగ్గరికి లాగి పట్టుకుని, అదే చేత్తో పిడిని పైకో కిందికో తిప్పితే గేరు మారుతుంది. లాగటమూ, పట్టుకోవటమూ, తిప్పటమూ అన్నీ ఎడమ చేతి చాకిరీయే. మన ఇళ్ళల్లో పనులు పంచుకునే పద్ధతి చూసి దాన్ని తయారు చేశారేమో అనిపిస్తుంది. (ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులు)

నిరుటి వానాకాలంలో ఒకనాడు మేడం గేటు దగ్గర బండి తీస్తున్నారు. నేను గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఎడమ చెయ్యి క్లచ్ లాగింది, సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. అప్పుడు కుడి చెయ్యి తన పని వదిలేసి వచ్చి ఎడమ చేతికి సాయం పట్టింది. రెండు చేతులతో ఒక్క లీవరు.

(ఆగి) మేడం, చెప్పనా?

తల అడ్డంగా ఊపలేదు. అంటే చెప్పొచ్చు.

నేను చూశానని మేడం చూశారు. "ఏంటి?" అన్నారు. ఏం లేదండి అన్నాను. ఆవిడ, బండికి ఒంట్లో బాగోలేదన్నారు. నేను అలాగేనండి అన్నాను. ఆ రెండు ముక్కలతో మా మధ్య ఒక ఒప్పందం కుదిరిపోయింది. చేతి మాట ఎవ్వరూ ఎత్తకూడదు. ఉన్న జబ్బులన్నీ బండివే.

అప్పటినుంచి మేమిద్దరం బండి ఆరోగ్యం గురించే మాట్లాడుకున్నాం. మేడం రిజిస్టరు మీద నుంచి తల ఎత్తకుండా, "పొద్దున్నే బిగుసుకుపోతోంది. ఎండెక్కితే కొంచెం వదులవుతోంది" అనేవారు. నేను పుస్తకాలు సర్దుతూ, వేడినీళ్ళ కాపడం పెడితే బండికి సుఖంగా ఉంటుందేమోనండి అనేదాన్ని. పెట్టానమ్మాయ్, కొంచెం నయమే అనేవారు. డాక్టరుకు చూపించారా అని ఒకరోజు అడిగాను. చూపించాననీ, బొటనవేలి మొదట్లో అరిగిందన్నాడనీ చెప్పారు. ఆ సమయానికి పక్క షెడ్డు మెకానిక్ పేపరు అడగటానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "బండికి బొటనవేలేంటి మేడం?" అన్నాడు. మేడం 'ఉష్' అన్నారు.

ఆ మెకానిక్ గారు ఈ సభకు వచ్చారు. అదిగో, స్తంభం వెనక దాక్కున్నారు. మొదటిసారి బండి చూపించినప్పుడు ఆయన క్లచ్ రెండు వేళ్ళతో సునాయాసంగా లాగేసి, దీనికేం రోగం లేదు, మీరే సరిగ్గా తినట్లేదు మేడం అన్నారు. మేడం బండి తీసుకుని వచ్చేశారు. తరవాత కొన్నాళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఈ ఖాళీలోకి నేను దూరాను.

నాకు బండి కాదు కదా, సైకిలు కూడా రాదు. అయితే పుస్తకం ఉంటే ఏ విద్యైనా వచ్చేస్తుందని నాకు మొదటినుంచీ గట్టి నమ్మకం. ఈత కూడా నాకు పుస్తకంలో బాగానే వచ్చు. (నవ్వులు) మా అల్మారాలో స్కూటరు మరమ్మతుల పుస్తకం ఒకటుంది. దుమ్ము దులిపి చదివాను. ఏ వైద్యం చేసినా ముందు క్లచ్ లాగటానికి ఎంత బరువు పడుతోందో కొలుచుకోవాలి, చేశాక మళ్ళీ కొలవాలి అని అందులో ఉంది. మా దగ్గర తక్కెడ లేదు. ఉన్నవి పుస్తకాలు.

బండిని రీడింగు రూము వెనక వరండాలో స్టాండు వేసి, లీవరు చివర తాడు కట్టి, ఆ తాడును వెనకనున్న కుర్చీ వీపు మీదుగా దింపి, చివర ఒక గుడ్డసంచీ వేలాడదీసి, లీవరు వచ్చి పిడికి ఆనేదాకా ఒక్కో పుస్తకమే అందులో వేశాం. రెండు నిఘంటువులు, ఒక వంటల పుస్తకం, నాలుగు నవలలు పట్టాయి. సన్న నవలలు కావు, కుటుంబ కథలు. మేడం సంచీ వైపు చాలాసేపు చూసి, రోజూ ఇంత బరువు ఎత్తుతోందా ఇది అన్నారు. బండిని అన్నారు.

ఆ సమయంలో మెకానిక్ గారు గోడ మీద నుంచి తొంగి చూశారు. ఎంత కోపమున్నా బండికి తాడు కట్టి నవలలు వేలాడదీస్తుంటే మనిషన్నవాడు ఊరుకోలేడు. "పాపా, దీనికి లైబ్రరీ కార్డు ఉందా?" అన్నారు. ఆ ఒక్క మాటతో రాజీ కుదిరింది. ఆరోజునుంచి మా వైద్యబృందంలో ముగ్గురం.

మొదట కేబులు మార్చాం. క్లచ్ లీవరు నుంచి ఇంజనుదాకా ఒక తొడుగులో సన్నని ఉక్కు తీగ వెళ్తుంది. పాతదాని లోపల తుప్పు పట్టింది, పైగా హ్యాండిలు మెడ దగ్గర గట్టిగా మడతపడింది. లోపల నున్నటి పూత ఉన్న కొత్త తొడుగు వేసి, నూనె పోసి, మడత లేకుండా వెడల్పుగా తిప్పి కట్టాం. సంచీలోంచి ఒక నవల తీసేయగలిగాం. నవల అంటే చిన్న విషయం కాదు. కానీ బండికి ఇంకా నొప్పిగానే ఉందన్నారు మేడం.

అప్పుడు నేను పుస్తకంలో ఇంకో మందు కనిపెట్టాను. క్లచ్ లోపల స్ప్రింగులుంటాయి, వాటి బలాన్ని ఎదిరించి లీవరు లాగాలి. మెత్తటి స్ప్రింగులు వేస్తే లాగటం తేలిక. ఆ పేజీ అక్కడితో అయిపోయింది. నేను పేజీ తిప్పకుండా వెళ్ళి ఆ వార్త చెప్పేశాను. మెకానిక్ గారికీ నచ్చింది. మార్చేసి, వీధి చివరిదాకా వెళ్ళొచ్చి, వెన్నలా ఉంది పాపా అన్నారు. కొలిచి చూస్తే ఒక నిఘంటువు, వంటల పుస్తకం చాలాయి. ఆ సాయంత్రం నాకు నా చదువు మీద ఎన్నడూ లేనంత గౌరవం కలిగింది.

మర్నాడు మేడం నన్ను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరారు. వంతెన దాటాక ఎత్తు మీద మేడింట్లో మా బామ్మగారు ఉంటారు. మా అంటే గ్రంథాలయానికి బామ్మగారు. అపరాధ పరిశోధన నవలలు తప్ప ఇంకేం ముట్టరు, మెట్లు దిగి చాలాకాలమైంది. ఆ ఎత్తు సగం ఎక్కేసరికి ఇంజను కేకలు పెడుతోంది, చక్రం మాత్రం తిరగటం లేదు. మేడం ఇంకా యాక్సిలరేటరు తిప్పారు. ఇంజను ఇంకా అరిచింది. బండి ఆలోచించి, చాలా మర్యాదగా, వెనక్కి రావటం మొదలెట్టింది. నేను ఒళ్ళో పుస్తకాలతో సహా దిగిపోయాను. దిగానని గౌరవంగా చెప్పుకుంటున్నాను. (నవ్వులు) పైనుంచి బామ్మగారు కిటికీ రెక్క తెరిచి, "ఏమే పిల్లా, ఆ చప్పుడు ఆపండి. హంతకుడు దొరికే పేజీలో ఉన్నాను" అన్నారు.

ఆ రోజు ఇంటికెళ్ళాక పేజీ తిప్పాను. స్ప్రింగులు మెత్తబడితే క్లచ్ పట్టు తప్పుతుంది, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు జారుతుంది అని ఆ పక్కనే, మొదటి వాక్యంలోనే ఉంది. లాగటం ఎంత తేలికో కొలిచాం కానీ, వదిలాక అది గట్టిగా పట్టుకోవాలన్న సంగతి మర్చిపోయాం. పాత స్ప్రింగులు తిరిగి లోపలికి వెళ్ళాయి, నా గౌరవమూ యథాస్థానానికి వెళ్ళింది.

ఈసారి మెకానిక్ గారి వంతు. ఇంజను దగ్గర తీగ చివరను పట్టుకుని లోపలి క్లచ్‌ను కదిపే పొట్టి ఇనుప కమ్మీ ఒకటుంటుంది. దాన్ని కొంచెం పొడుగు చేస్తే తక్కువ బలంతో తిరుగుతుందన్నారు. గడ్డపార పొడుగైతే రాయి తేలిగ్గా లేస్తుంది కదా, అలాగన్నమాట. ఒక ముక్క అతికించారు. కొలత బ్రహ్మాండంగా వచ్చింది. ఈసారి నేను ముందు వెనక పేజీలన్నీ చదివాను, ఎత్తు మీద కూడా నడిపించి చూశాం, పట్టు తప్పలేదు. జాగ్రత్త అంటే అదీ అని ఒకరినొకరం మెచ్చుకున్నాం.

మేం చూడనిది నాలుగు రోడ్ల కూడలి. కమ్మీ పొడుగైతే బలం తగ్గుతుంది, దానితోపాటు అది తిరిగే దూరమూ తగ్గుతుంది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకునే రకం. దాంతో లీవరు పూర్తిగా లాగినా లోపల క్లచ్ పూర్తిగా విడిపోలేదు. కూడలిలో ఎర్రదీపం పడింది. మేడం క్లచ్ పట్టుకునే ఉన్నారు, బండి మాత్రం ఆగకుండా అంగుళం అంగుళం ముందుకు జరుగుతోంది. ఎదురుగా ట్రాఫిక్ కానిస్టేబులు వీపు తిప్పి నిలబడి ఉన్నాడు. ముందు చక్రం వెళ్ళి ఆయన మోకాలి వెనక మెల్లిగా ఆనింది. ఆయన తిరిగి చూసి, "ఏంటమ్మా, మీద మీదకొస్తున్నావు?" అన్నాడు. "నేను రావట్లేదు నాయనా, బండి వస్తోంది" అన్నారు మేడం. ఆయన బండిని చూశాడు, పెట్టెను చూశాడు, వెనక కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్న నన్ను చూశాడు. పెట్టెలో ఏముందని అడిగాడు. మరుసటి వారం వచ్చి సభ్యత్వం తీసుకున్నాడు. ఇదిగో, మూడో వరుసలో ఉన్నారు. మోకాలు బాగానే ఉందనుకుంటానండి. (నవ్వులు)

అటూ ఇటూ బుద్ధొచ్చాక నింపాదిగా చేశాం. పొడుగు కమ్మీ ఉంచి, అతుకు కొంచెం తగ్గించి, తీగలో లూజు అన్నది లేకుండా స్క్రూ బిగించాం. లాగిన ప్రతి పిసరూ పనికొచ్చేట్టు. లీవరు మొదట్లో గ్రీజు పెట్టాం. లీవరునే కాస్త లోపలికి వంచి, పొట్టి వేళ్ళకు అందేట్టు చేశాం. బండి వేళ్ళే, మళ్ళీ అపార్థం చేసుకోకండి. మధ్యలో కాకుండా చివర పట్టుకుని లాగితే తేలికని కనిపెట్టాం. కూడలిలో ఆగినప్పుడు క్లచ్ పట్టుకుని కూర్చోకుండా న్యూట్రల్ చేసి చేతిని ఒళ్ళో పెట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం. చివరికి ఆఖరి కొలత. సంచీలో పెద్ద నిఘంటువు ఒక్కటే వేశాం. లీవరు నెమ్మదిగా వచ్చి పిడికి ఆనింది.

మేడం తాడు విప్పి, తన చేత్తో ఒకసారి లాగి చూశారు. వదిలారు. మళ్ళీ లాగారు. మెకానిక్ గారు ఏదో అనబోతే 'ఉష్' అన్నారు. అలా ఆ వరండాలో చాలాసేపు ఒక్కరే లాగుతూ వదులుతూ నిలబడ్డారు. తరవాత నాతో, "బండికి బాగుంది" అన్నారు.

(ఆగి) మంచినీళ్ళు ఇస్తారా. గొంతు లేకపోయినా ఎండుతోంది.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. కానీ చలికాలం వచ్చింది. బండి వైద్యానికి లొంగింది కానీ, ఒప్పందం ప్రకారం నేను ఎత్తకూడని ఆ రెండోది లొంగలేదు. ఒక మధ్యాహ్నం మేడం పెట్టె బిగించి, తాళం నా ముందు బల్ల మీద పెట్టారు. మందు తయారు చేసినవాళ్ళు ఒకసారి తాగి చూడొద్దా, ఎక్కు అన్నారు. నాకు సైకిలు కూడా రాదని మనవి చేశాను. అయితే తప్పుడు అలవాట్లు ఉండవు, మంచిదే అన్నారు.

నా ఎడమ చెయ్యి పుస్తకం బరువు తప్ప ఎరగదని అప్పుడు తెలిసింది. మేడం కోసమని అంత కష్టపడి తేలిక చేసిన క్లచ్ నాకే బరువుగా ఉంది. పాత క్లచ్ అయితే నేను రెండు చేతులతో పాటు పళ్ళు కూడా వాడవలసి వచ్చేది. వెనక ఆవరణలో నేర్చుకున్నాను. గ్రంథాలయం వెనక గోడ మీద ఉన్న పొడుగాటి గీత గురించి, లారీ తగిలినట్లున్నది అని కమిటీవారు నివేదికలో రాశారు. లారీ కాదండి. (నవ్వులు, అధ్యక్షులవారు కూడా) మా అమ్మ రోజూ నా మోచేతులకు మందు రాస్తూ, లైబ్రరీలో పని చేస్తున్నావా, సర్కస్‌లో చేస్తున్నావా అని అడిగేది.

అందుచేత, అధ్యక్షులవారూ, కొంతకాలంగా ఇళ్ళకు పుస్తకాలు వెళ్తున్నది నేను నడుపుతుండగా, మేడం వెనక కూర్చుని ఉండగా. తమరికి తెలిసే అవకాశం లేదు. తమరు వచ్చే వేళకు మేం తిరిగొచ్చి, చేతులు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు స్టాంపులు వేస్తూ ఉండేవాళ్ళం. వెనక నుంచి మేడం మాట్లాడరు. గేరు సరిగ్గా పడకపోతే మాత్రం నా చెవి దగ్గర 'ఉష్' అని వినిపిస్తుంది.

ఒకరోజు ఎత్తు మీద మేడింటి ముందు ఆగాక మేడం దిగలేదు. పుస్తకం నా చేతికిచ్చి, నువ్వెళ్ళిరా అన్నారు. నేను మెట్లెక్కుతూ మూడు రకాల పలకరింపులు తయారు చేసుకున్నాను. తలుపు తీసేసరికి మూడూ పోయాయి. బామ్మగారు నన్ను పైకీ కిందికీ చూసి, "నువ్వొచ్చావేం? బండికెలా ఉంది?" అని అడిగారు.

ఆవిడకూ తెలుసు. ఆ ఇళ్ళన్నిటికీ తెలుసట. "నాకు మోకాళ్ళు పోయాయి, మోకాళ్ళనే తిట్టుకుంటాను. మీ మేడానికి బండి ఉంది కాబట్టి బండి మీద పెడుతుంది. ఏదో ఒకటి ఉండాలి కదే మనిషికి" అన్నారు. తరవాత తెచ్చిన పుస్తకం చూసి, ఇందులో డాక్టరే హంతకుడు కదూ అన్నారు. కాదండి అన్నాను. అదెలా అన్నారు. ఎలాగో చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. నేనూ తగ్గలేదు. కాన్వెంటులో "గౌరవనీయులైన" దగ్గర ఆగిపోయినదాన్ని, ఆ గుమ్మంలో నిలబడి ఒక హత్య గురించి గొంతు పెంచి వాదించాను. కిందికి దిగొచ్చేసరికి టీ వేళ దాటిపోయింది. ఇంతసేపు ఏం చేశావని మేడం అడిగారు. మాట్లాడానండి అన్నాను. మేడం పెట్టె మూత వేసి ఉన్నా మళ్ళీ ఒకసారి తెరిచి వేశారు.

ఇదీ నేను తిరిగి రావలసిన చోటు. పదిమంది ముందు నాకు మాట రాదు, ఈ మధ్యాహ్నం మీరే చూస్తున్నారు. ఒక గుమ్మం దగ్గర, ఒక్క మనిషి ముందు వస్తుంది. అది నాకు పుస్తకాల్లో దొరకలేదు, మేడం వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తే దొరికింది. ఇందాక ఈ పని ఆపేస్తున్నామని చెప్పినప్పుడు ఎవ్వరూ కాదనలేదు. కాదనవలసినవాళ్ళు ఈ హాల్లో లేరండి. ఇక్కడికి రాగలిగితే వాళ్ళకు ఆ పుస్తకాల బండే అక్కర్లేదు. వాళ్ళ తరఫున చప్పట్లు కొట్టకుండా ఉండవలసినదాన్ని నేనే, నేనూ కొట్టేశాను. అందుకని ఇప్పుడు అడుగుతున్నాను. ఆ స్కూటరును ఇనుము కింద అమ్మకండి. మధ్యాహ్నాలు నేను తీసుకెళ్తాను.

(అధ్యక్షులవారు ఏదో అంటారు)

లైసెన్సు ఉందా అని అడుగుతున్నారు. ఉందండి. ఎనిమిది ఆకారంలో తిప్పమంటే మొదటిసారి నాది ఆరులా వచ్చిందన్నారు. తరవాత ఎనిమిదే వచ్చింది. (నవ్వులు)

ఎత్తు మీద ఆపి మళ్ళీ ఎక్కించగలవా అంటున్నారు. పెట్టె నిండా ఉన్నా ఎక్కిస్తానండి. నిఘంటువులు ఉంటే కొంచెం భయపడతాను, అంతే.

ఇంకొక్కటి కూడా చెప్పేయాలి, తరవాత ఎటూ చెప్పలేను. నాకు నడపటం వచ్చిందని మేడం ఇంతవరకు ఒక్కసారి కూడా అనలేదు. బండికి బాగుందన్నారు కానీ, నాకు బాగుందనలేదు. ఇన్నాళ్ళు పక్కన పనిచేసి, ఆవిడ ముఖం చూసి చదవటం నాకింకా రాలేదు. అది రాసిన పుస్తకం మన అల్మారాల్లో లేదు. ఆవిడ వద్దంటే నేను ఆ బండి అడగను. ఆవిడ చేతి నుంచి... బండి నుంచి అనాలి, క్షమించండి మేడం... అక్కడి నుంచి తీసుకునే అర్హత నాకుందో లేదో నాకు నిజంగా తెలియదు.

అధ్యక్షులవారు మేడం వైపు తిరిగారు. మేడం సరేనంటే కమిటీకి అభ్యంతరం లేదు, పాత ఇనుము అతన్ని సోమవారం రావద్దని చెబుతాం, మీరేమంటారు మేడం అని అడుగుతున్నారు.

మేడం లేచారు. మైకు వద్దంటున్నారు. నావైపే చూస్తున్నారు.

ఏంటండీ? వినపడలేదండి...

(ఆగి)

రేపటి పుస్తకాలు సర్దావా అని అడుగుతున్నారు.

సర్దానండి. బామ్మగారివి పైన పెట్టాను.

పెద్దలకూ, పాఠకులకూ, ఇంత ఓపిగ్గా విన్న ప్రతి ఒక్కరికీ కృతజ్ఞతలు. ఇంకేదో రాసుకొచ్చాను కానీ అక్షరాలు కనపడటం లేదు. సెలవు.